కట్టావారి కొబ్బరాకు రంగు

తెలివి ఎక్కడ పుట్టిందో ఎవరికీ తెలియదుగానీ, అది పెరిగి పెద్దదై స్థిరపడింది మాత్రం గోగులంకలో కట్టావారి ఇంట్లోనే. ఈ మాట ఊరివాళ్ళన్నది కాదు, కట్టావారే అన్నది. రోజూ పొద్దున్నే కాఫీలు తాగి వీధి అరుగు మీద వరసగా కూర్చుని, మనకున్న బుర్రలో సగం ఊరివాళ్ళకి ఉండుంటే ఈ ఊరు ఎక్కడికో వెళ్ళిపోయేదని బాధపడేవాళ్ళు. ఊరు పాపం ఎక్కడికీ వెళ్ళకుండా మర్నాడు పొద్దున్న కూడా అక్కడే కనిపించేది. మళ్ళీ బాధపడేవాళ్ళు.

ఆ ఇంట్లో తల్లి వెంకాయమ్మ, పెద్దకొడుకు బుల్లెబ్బాయి, చిన్నకొడుకు తాతబ్బాయి. పెద్దకోడలు కనకరత్నం కూడా ఉందిగానీ, ఆవిడకి తెలివి తక్కువని తక్కిన ముగ్గురికీ గట్టి నమ్మకం. ఎందుకంటే ఏ పని చెప్పినా ఆవిడ "అలా ఎందుకు?" అని అడుగుతుంది. కట్టావారిలో ఎందుకని అడిగే ఆనవాయితీ లేదు. తెలిసినవాడు ఒక మాట చెబితే, దానికి ఒక్క ముక్క కలపకుండా, ఒక్క ముక్క తీయకుండా, చెప్పింది చెప్పినట్టు చేసెయ్యడమే.

వెంకాయమ్మ తెలివికి ఒక మచ్చు చెబుతాను. చిన్నకొడుక్కి ఆవిడ మావగారి పేరు పెట్టారు, సుబ్బారాయుడని. మావగారి పేరు కోడలు నోటితో పలకకూడదు కాబట్టి తాతబ్బాయి అని పిలుస్తారు. ఇంతవరకూ అందరిళ్ళలో ఉన్నదే. వెంకాయమ్మ అక్కడితో ఆగలేదు. పేరు మావగారిదైనప్పుడు మనిషి మాత్రం వేరే ఎలా అవుతాడు అనుకుంది. అంతే. తాతబ్బాయి పొలం నుంచి వస్తున్నాడంటే చాలు, గబుక్కున లేచి, కొంగు నిండా కప్పుకుని, తలుపు చాటుకి వెళ్ళి నిలబడుతుంది. చిన్నప్పుడు వాడు బెల్లం దొంగతనం చేసి దొరికిపోతే, వీపు మీద ఒకటి వెయ్యాలో కాళ్ళకి దణ్ణం పెట్టాలో తెలియక పాపం ఏడుస్తూ కూర్చుందట.

ఈ తెలివే చివరికి ఇంటి మీదకి తెచ్చింది.

నిరుడు అన్నదమ్ములిద్దరూ ఇంటికి రంగు వేద్దామని బయల్దేరారు. జేగంట కంపెనీవాడి కొబ్బరాకు రంగు తెచ్చారు. వీధి గోడకి ఎడమ చివర మొదలుపెట్టి గుమ్మం దాకా వచ్చేసరికి డబ్బా ఖాళీ. ఇంకో డబ్బాకోసం పక్కనే ఉన్న పేట వెళితే జేగంటవాడి కొట్టు ఎత్తేశారు. పక్క బజారులో గవర్రాజుగారి రంగుల కొట్టుందిగానీ, ఆయన దగ్గర ఉండేది పూలరథం కంపెనీ సరుకు. రంగుల పేర్ల పట్టీ తిరగేసి చూస్తే అందులోనూ కొబ్బరాకు ఉంది. గవర్రాజు అప్పటికీ చెప్పాడట, ఒక కంపెనీ పేరుకీ ఇంకో కంపెనీ రంగుకీ సంబంధం ఉండదు బాబూ అని. అన్నదమ్ములు నవ్వుకున్నారు. పేరొకటే అయితే మనిషే ఒకటైనప్పుడు రంగు ఒకటి కాదా అని డబ్బా పట్టుకొచ్చేశారు.

ఇంకేముంది. జేగంటవాడి కొబ్బరాకు ఇవాళే విచ్చిన మొవ్వ. పూలరథంవాడి కొబ్బరాకు ముదిరిపోయి రేపో మాపో రాలిపోయే మట్ట. గుమ్మానికి ఇటు లేత, అటు ముదురు.

మా వైపు ఇల్లు రెండు రంగుల్లో కనబడిందంటే దానికి అర్థం ఒకటే, అన్నదమ్ములు వేరుపడ్డారని. పాలు పోయించుకోవడానికొచ్చిన ఆవిడ వాటాలు తెగాయా అని అడిగింది. కరెంటు మనిషి వచ్చి రెండో మీటరు ఏ వైపు పెట్టమంటారన్నాడు. వేరుపడడమంటూ జరిగాక తప్పు ఎవరిదవుతుంది? కోడలిదే అవుతుంది. చెరువు గట్టు మీద, రేషను కొట్టు దగ్గర, పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో కనకరత్నాన్ని చూసి నిట్టూర్చనివాళ్ళు లేరు. సొంత మేనత్తే వచ్చి, బంగారంలాంటి సంసారాన్ని చీల్చావటే అని కళ్ళు ఒత్తుకుని వెళ్ళింది. ఏడాది పాటు పంటిబిగువున ఊరుకుని, మొన్న సోమవారం కనకరత్నం సంచీ సర్దుకుంది.

"ఇల్లంతా ఒకే రంగు అయ్యేదాకా నేను రాను. ఆదివారం మా నాన్నని తీసుకుని వత్తాను. వాకిట్లో నిలబడి చూత్తాను. రెండు రంగులు కనపడ్డాయా, అట్నించటే పుట్టింటికి ఎల్లిపోతాను. ఇంక మీరు పిలవక్కర్లేదు" అంది మొగుడితో.

బుల్లెబ్బాయికి కనకరత్నమంటే ప్రాణం. ఆవిడ వెళ్ళిన పూటే కూరలో ఉప్పు పోయింది. వెంకాయమ్మ తగినంత ఉప్పు వెయ్యాలని తెలిసిన మనిషే, ఎంతైతే తగినంతో ఎవరూ చెప్పలేదని అసలు మానేసింది. ఆ చప్పిడి కూర ముందు కూర్చుని బుల్లెబ్బాయి వలవల ఏడ్చాడు. ఏడ్చి, చెయ్యి కడుక్కుని, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని గవర్రాజు కొట్టుకి పరిగెత్తాడు.

ముదురు వైపంతా లేత రంగులోకి మార్చాలి, జేగంటవాడి కొబ్బరాకుకి సరిపోయేలా పూలరథం రంగులు కలిపి ఇయ్యండి అని అడిగారు. గవర్రాజు మంచి మనిషి, పనితనం ఉన్నవాడు. నోటితో చెబితే ఏ రంగని కలపను, గోడ చూస్తేగానీ చెప్పలేను అన్నాడు.

అంతే. ఇంటికొచ్చి గునపాలు తీశారు. లేత రంగు వైపు గోడని కిటికీతో సహా నిలువునా కోసి, ట్రాక్టరు ట్రక్కులో పడుకోబెట్టి, ఎండకి వాడకుండా తడిగోనె కప్పి, పేట తీసుకెళ్ళి గవర్రాజు కొట్టు ముందు దింపారు. అరచేయంత పెచ్చు ఊడదీసి తెస్తే సరిపోయేది కదయ్యా అని ఆయన తల పట్టుకున్నాడు. తాతబ్బాయి తన అరచెయ్యి చూసుకుని, గోడని చూసి, ఎక్కువే తెచ్చాం లెండి, తక్కువైతే తిట్టాలిగానీ అన్నాడు.

సరే, వచ్చిన గోడని ఏం చేస్తాడు. చిన్న యంత్రం ఒకటి గోడకి ఆనించి లెక్క చూసుకుని, తెల్లరంగు డబ్బాలో చుక్క చుక్క పచ్చా పసుపూ వేసి, గిలక్కొట్టి, గోడమూల ఒక గీత గీసి చూశాడు. దగ్గర దగ్గరగా వచ్చింది. అయినా పనితనం ఉన్న మనిషి కాబట్టి ఊరుకోలేక ఒక మాట అనేశాడు. ఇప్పుడు పూర్తిగా కలవలేదనుకోకండి, మీ గోడ ఏడాది ఎండ తింది, ఈ రంగు కూడా నాలుగు రోజులు ఎండ తింటే అందులో కలిసిపోతుంది అన్నాడు.

ఆ మాట అనకుండా ఉండవలసింది.

గోడ తెచ్చి ఉన్నచోట నిలబెట్టి సిమెంటు పూశారు. కిటికీ తలకిందులైందిగానీ, గవర్రాజు తిరిగి పెట్టమన్నాడు తప్ప ఏ వైపు పైకో చెప్పలేదు. తరవాత డబ్బా మూత తీసి వాకిట్లో ఎండకి పెట్టారు. వెంకాయమ్మ పక్కనే పీట వేసుకుని, ఎంత తింటోందో చూస్తూ కూర్చుంది. మధ్యాహ్నమయ్యేసరికి కొబ్బరిచెట్టు నీడ డబ్బా మీదకి జరిగింది. పాపం, తింటున్నదాని నోటి దగ్గర అడ్డం పడ్డావే అని ఆవిడ చెట్టుని తిట్టింది. డబ్బాని రెండడుగులు పక్కకి జరిపితే పోయేదే, కానీ జరపమని ఎవరూ చెప్పలేదు. తాతబ్బాయి గొడ్డలి తెచ్చాడు. గెల మీద గెల వేసే చెట్టు, ఫెళఫెళమని వెళ్ళి వంటపాక మీద పడింది. నీడ మాత్రం పోయింది. సాయంత్రానికి డబ్బాలో రంగు జున్నులా గడ్డకట్టుకుపోయింది. కడుపు నిండా తింది, ఇంక కదల్లేకపోతోందని ముగ్గురూ సంతోషించారు.

గడ్డని గరిటతో తవ్వి గోడకి పెడితే ఊడి కింద పడుతోంది. బుల్లెబ్బాయి మళ్ళీ గవర్రాజు దగ్గరికి పరిగెత్తాడు. ఆయన ఇంకో డబ్బా కలిపిచ్చి, ఈసారి ఆచితూచి మాట్లాడాడు. ఎండలో పెట్టొద్దు. ముందు ఎవరికీ కనపడని చోట కొంచెం వేసి చూసుకోండి, బావుంటే అప్పుడు గోడకి వెయ్యండి, అంతే, ఇంకేం చెయ్యకండి అన్నాడు.

ఎవరికీ కనపడని చోటు ఏదని అరుగు మీద కూర్చుని ఆలోచించారు. చివరికి వడ్లగాదె వెనకాల చీకటి గది కుదిరింది. రంగూ కుంచే తీసుకుని లోపలికి వెళ్ళబోతూ తాతబ్బాయి ఆగిపోయాడు.

"అన్నాయ్, ఎవరికీ కనపడని చోటు అన్నారు కదా. మనకి కనపడుద్ది కదా మరి?"

"మనకి కనపడితే ఏంట్రా?"

"మనం ఎవరం కాదా?"

బుల్లెబ్బాయికి గుండె ఝల్లుమంది. ఎంత ప్రమాదం తప్పిందో చూడండి. వెంటనే ముగ్గురూ కళ్ళు గట్టిగా మూసుకుని లోపలికి దూరారు. వెంకాయమ్మ తలుపు చాటుకి వెళ్ళాలనుకుని తలుపుని గుద్దుకుంది. బుల్లెబ్బాయి తడుముకుంటూ రంగు వేశాడు. నున్నగా తగిలింది కాబట్టి గోడే అనుకున్నాడు. అది ఏడాదికి పెట్టిన ఆవకాయ జాడీ. పైన లోతుగా తగిలింది కాబట్టి గోడకి గూడు అనుకుని, అందులో కూడా శుభ్రంగా రెండు మూడుసార్లు కుంచె తిప్పాడు. డబ్బా ఖాళీ అయ్యాక, కళ్ళు తెరవకుండానే బయటికొచ్చి గొళ్ళెం పెట్టారు.

మళ్ళీ కొట్టుకెళ్ళాక, రంగు కలిసిందా అని గవర్రాజు అడిగితే, మేం చూడలేదండి, మీరు చెప్పిన మాట దాటే మనుషులం కాదు అన్నాడు బుల్లెబ్బాయి. బుల్లెబ్బాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రేపే ఆదివారమండి, ఆవిడ వాకిట్లో నిలబడి చూత్తుందండి, రెండు రంగులు కనపడితే ఎల్లిపోద్దండి, ఆవిడ లేకపోతే మా ఇంట్లో ఉప్పు కూడా ఉండదండి అన్నాడు. గవర్రాజుకి జాలేసింది. ఇంక వీళ్ళకి రంగు కలపడం మన వల్ల కాదని, కొట్టులో మిగిలిపోయిన పచ్చరంగు డబ్బాలన్నీ బయటికి తెచ్చి పెట్టాడు. ఏ కంపెనీదైనా సరే, అన్నీ ఒకే డ్రమ్ములో పోసి గిలక్కొట్టండి, అదే రంగు పాతదాని మీదా కొత్తదాని మీదా ఇల్లంతా వేసెయ్యండి, అప్పుడు దేనికీ దేన్నీ కలపక్కర్లేదు అన్నాడు. నిజానికి ఇది చాలా మంచి సలహా. ఇంకెవరికైనా చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

ఆదివారం తెల్లవారేసరికి డ్రమ్ము సిద్ధం. గోడలన్నీ వేశారు. నిజం చెప్పాలంటే చక్కగా కుదిరింది. లేతా కాదు, ముదురూ కాదు, ఇటు చివర్నుంచి అటు చివరికి ఒకే పచ్చ. బుల్లెబ్బాయి ఇల్లంతా అన్నారు కదా అని తలుపులు వేశాడు. తాతబ్బాయి అరుగు, గడప, మంచాలు, తులసికోట, గేదెకట్టు, గేదె వేశాడు. కంచాలూ చెంబులూ కూడా అయ్యాయి. ఇంకేమైనా మిగిలిందా అని బుల్లెబ్బాయి తల్లినడిగాడు. వెంకాయమ్మ కాసేపు ఆలోచించింది.

"ఇల్లంటే గోడలూ తలుపులూనేంట్రా నాయనా? మీ నాన్న ఎప్పుడూ అనేవోడు, ఇల్లంటే మనుషులేనే అని."

అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎంత పెద్ద పని మరిచిపోయారో అప్పుడు తెలిసింది.

ఇంకేముంది. బుల్లెబ్బాయి తమ్ముడికి వేశాడు, తమ్ముడు అన్నకి వేశాడు, ఇద్దరూ కలిసి తల్లికి జుట్టుతో సహా వేశారు. తాతబ్బాయి అరికాళ్ళు మిగిలిపోతే వెంకాయమ్మని వెయ్యమన్నారు. మావగారి కాళ్ళకి కుంచె తగిలిస్తే పాపమని ఆవిడ దూరంగా నిలబడి, మామిడాకుతో డ్రమ్ములో ముంచి, కళ్ళకద్దుకుని చిలకరించింది. పని పూర్తయ్యాక ముగ్గురూ వీధి గోడకి ఆనుకుని, కనకరత్నం కోసం ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

కనకరత్నం తండ్రి సత్తెయ్యతో ఆటో దిగింది. వాకిట్లో నిలబడి ఈ చివర్నుంచి ఆ చివరికి చూసింది. మళ్ళీ చూసింది. కిటికీ తలకిందులుగా ఉంటే ఉందిగానీ, రెండో రంగు ఎక్కడా లేదు. ఏడాదిగా గుండెల మీద ఉన్న బరువు దిగిపోయినట్టయి కళ్ళు చెమర్చాయి. సత్తెయ్య మీసం దువ్వుకుని, నేను ముందే చెప్పాను కదటే, అల్లుడు బంగారం, అసలు ఈ ఇల్లు నాకు పరాయిల్లని ఎప్పుడూ అనిపించదు అన్నాడు.

అప్పుడు గోడ నవ్వింది. నవ్విన చోట పళ్ళు కనబడ్డాయి. కనకరత్నం కెవ్వుమంది. గోడలోంచి ముగ్గురు మనుషులు ఊడి ముందుకొచ్చారు.

ఇదేంటని ఆవిడ అడిగింది. బుల్లెబ్బాయి రంగుల కొట్టాయన అన్న ప్రతి మాటతో సహా ఉన్నదున్నట్టు చెప్పాడు. ఇల్లంతా ఒకే రంగు కావాలన్నావు కదా, ఇల్లంటే మనుషులు కదా, అందుకని మాకూ వేసుకున్నాం, నువ్వు వెళ్ళిపోతావేమోనని భయమేసింది అన్నాడు. ఆ పచ్చటి మొహంలో రెండు కళ్ళు మాత్రమే తెల్లగా, బిక్కుబిక్కుమంటూ ఉన్నాయి. తనకోసం గోడ కోసి, చెట్టు కొట్టి, కనుబొమల దాకా రంగు పూసుకున్న మొగుణ్ణి చూసి కనకరత్నం తిడదామనుకుని తిట్టలేకపోయింది. ఏడ్చేసింది.

"ఇల్లంటే మీరు ముగ్గురేనా? నేను మాత్రం ఈ ఇంటి మనిషిని కానా?" అంది.

పాపం ఏడుపులో అనేసింది. బుల్లెబ్బాయి మొహం వెలిగిపోయింది. అవును సుమా, కొంచెంలో మరిచిపోయేవాళ్ళం అంటూ కుంచె డ్రమ్ములో ముంచి, పాపిడి దగ్గర మొదలుపెట్టాడు. ఇది చూసి సత్తెయ్య వీధిలోకి దూకాడు. తాతబ్బాయి ఇంకో కుంచె పట్టుకుని, రండి మావయ్యా, మీకు పరాయిల్లు కాదన్నారు కదా అని వెంటబడ్డాడు. "నాకూ ఈ ఇంటికీ ఏ సంబంధం లేదు, కావాలంటే ఊళ్ళో అడుగు" అని అరుస్తూ సత్తెయ్య పంచె పైకి లాక్కుని, దిగిన ఆటోలోనే ఎగిరి కూర్చున్నాడు.

ఇక్కడ ఎడమ చెంప, ఎడమ భుజం, చెయ్యి, చీర ఎడమ కుచ్చిళ్ళు అయ్యేసరికి కుంచె డ్రమ్ము అడుగున గీసుకుంది. రంగు అయిపోయింది. కనకరత్నం పాపిడికి ఇటు పచ్చ, అటు మామూలు.

బుల్లెబ్బాయి వెనక్కి జరిగి చూశాడు. చేతిలో కుంచె జారిపోయింది. వాకిట్లో చతికిలబడి, చప్పిడి కూర ముందు ఏడ్చినదానికంటే ఎక్కువ ఏడ్చాడు.

"రెండు రంగులు కనపడుతున్నాయే కనకం. మాటంటే మాటే కదా. ఇప్పుడు నువ్వు ఎల్లిపోతావు కదా."

కనకరత్నం పచ్చటి చెయ్యి మొగుడి పచ్చటి భుజం మీద వేసింది.

"నేనెక్కడికీ పోను. ముందు ఆ ట్రాక్టరు తియ్యండి. మీకీ మాటలన్నీ చెప్పినోడెవడో ఆయన్ని నేను చూడాలి" అంది.

ఆయన్ని కడిగేద్దామని ఆవిడ బయల్దేరింది. మచ్చు తీసుకెళుతున్నామని వాళ్ళు బయల్దేరారు. గోడ చూస్తేగానీ చెప్పలేనన్న మనిషి మనిషిని చూడకుండా ఎలా చెబుతాడని, ట్రక్కులో ఆవిణ్ణి జాగ్రత్తగా కూర్చోబెట్టి, ఎండకి వాడకుండా తడిగోనె కప్పారు. దారిలో పాలు పోయించుకునే ఆవిడ ఎదురై, ట్రక్కులోకి తొంగిచూసి, ఏంటమ్మా, ఇప్పుడు నీలో నువ్వే వేరుపడ్డావా అని అడిగి వెళ్ళింది.

ట్రక్కు సందు మలుపు తిరగడం గవర్రాజు చూశాడు. పచ్చటి మనుషులు ముగ్గురు, సగం పచ్చటి మనిషి ఒకరు. ఆయన ఒక్క గంతులో లోపలికి దూరి షట్టరు లాగేశాడు. బుల్లెబ్బాయి వెళ్ళి తట్టాడు.

"గవర్రాజు లేడు" అని లోపల్నించి వినబడింది.

బుల్లెబ్బాయి నిరాశగా వెనక్కి తిరిగాడు. లేరంట అన్నాడు. అది ఆయన గొంతు కాదా అంది కనకరత్నం. ఆయన గొంతే, అందుకే నమ్మాలి, ఆయన ఉన్నాడో లేడో ఆయనకంటే ఎవరికి బాగా తెలుస్తుంది అన్నాడు తాతబ్బాయి. బుల్లెబ్బాయి మళ్ళీ వెళ్ళి, ఆయనొస్తే కట్టావారొచ్చి ఎదురుచూస్తున్నారని చెప్పండి అన్నాడు. అలాగే, రాగానే చెబుతానని లోపల్నించి జవాబొచ్చింది. ఎంత మర్యాదస్థుడో అనుకుని ముగ్గురూ కొట్టు మెట్ల మీద వరసగా కూర్చుని, పేటవాళ్ళకి తెలివి లేకపోవడం గురించి బాధపడడం మొదలుపెట్టారు.

కనకరత్నం షట్టరు వంక చూసింది, మొగుడి వంక చూసింది. పొద్దున్నుంచీ పడిన అలసటతో ఆవిడకి అడిగే ఓపిక పోయింది. మొగుడి పక్కనే మెట్టు మీద చోటు చేసుకుని కూర్చుంది.

"ఎండ తింటే రంగు కలిసిపోద్దని కదా ఆయనన్నాడు?" అంది కాసేపటికి. అని, ఎందుకని ఎవర్నీ అడక్కుండా, పచ్చ చెంప ఎండ వైపు తిప్పుకుంది.

ముగ్గురూ ఆవిడ వంక ఆశ్చర్యంగా చూశారు. వెంకాయమ్మ ఆనందబాష్పాలు తుడుచుకుని, చిన్నకొడుకు వైపు తిరిగి చేతులు జోడించింది.

"చూశారా మావయ్యగారూ, మీ దయవల్ల కోడలికి తెలివొచ్చింది" అంది.